గాయం కాని నెత్తురు

1. రెండో గెడ్డ దాటాక

నడక దినచర్య పుస్తకంలో దారి గురించి, వాన గురించి, వలల బరువు గురించి రాయాలి. ఒంటి గురించి రాయమని ఎవరూ చెప్పలేదు. రాయొద్దని కూడా చెప్పలేదు కనక రాస్తున్నాను.

పొద్దున గెడ్డ ఒడ్డున బండచాటుకు వెళ్ళాను. లేచి చూసుకుంటే బట్ట మీద ఎర్రటి మరక. జలగ అనుకున్నాను. ఈ లోయలో చినుకు పడితే చాలు, ఆకు ఆకుకీ ఒక జలగ. ఒళ్ళంతా వెతుక్కున్నాను. జలగ లేదు, గాయమూ లేదు. మరక మాత్రం పెరుగుతోంది.

నాకు ఇరవై మూడేళ్ళు. మబ్బు ఏ గట్టును ఏ వేళకు తాకుతుందో గాలి చూసి చెప్పే చదువు చదివాను. ఆ చదువు చూసే ఈ జట్టులోకి తీసుకున్నారు. అంత చదివినదాన్ని, నా ఒంట్లోంచి వచ్చే నెత్తురేమిటో తెలియక దాలమ్మప్పను కేకేశాను.

దాలమ్మప్ప మాకు దారి చూపే మనిషి. యాభై దాటింది, కానీ ఎక్కుడులో నన్నూ, వలలు కట్టే పోలయ్య మావనూ ఆయాసపెట్టి తను పాట పాడుతుంది. వచ్చింది, చూసింది, నవ్వు ఆపుకోలేక బండ మీద కూలబడింది.

"ఓలమ్మో! గుంట పెద్దమనిసైపోనాది! ఓ పోలయ్యా, సలిమిడి కలుపు!"

"అప్పా, అరవకు. ఏమైంది నాకు?"

"ఏటవుతాది? నెలసరి. నీ ఈడుకి ఆలీసంగా ఒచ్చినాది, అంతే."

నెలసరి అన్న మాట పుస్తకంలో చదివాను. మా తరం ఆడపిల్లలకు అది రాకుండా పదో ఏటనే ఆపుసూది మొదలవుతుంది. ఆ తరవాత ఏడాదికోసారి. మా కాలేజీలో ఎవరికీ ఇది రాలేదు. మా అమ్మ కూడా దీని గురించి మశూచి గురించి చెప్పినట్టు చెప్పేది, ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు అని.

సూది ఎందుకు పనిచెయ్యలేదో మధ్యాహ్నానికి తెలిసింది. కొండ దోమల జ్వరానికని బయల్దేరే ముందు నుంచీ మాత్రలు మింగుతున్నాం. నేను అతిజాగ్రత్తగా రెండేసి మింగాను. ఈ మాత్ర ఆపుసూది మందును తినేస్తుందని అట్ట వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పోలయ్య మావకు ఆ సూదితో పని లేదు, దాలమ్మప్పకు ఆ వయసు దాటిపోయింది. నా వయసు ఆడది ఈ దారిలో బరువు మోసి ఎన్నేళ్ళయిందో. అందుకే ఆ అక్షరాలను చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

2. వెదురు డొంకలో, విడిది

మరక సంగతి మరక చూసుకుంటుంది. అసలు చిక్కు నెత్తిమీద ఎగురుతోంది.

అడవికి కాపలా యంత్రపు డేగలు. రెక్కలు ఆడించవు, చప్పుడు చెయ్యవు, చెట్లకొసల మీద ఈదుతుంటాయి. వాటికి కళ్ళ కన్నా ముక్కు గట్టిది. నెత్తురు వాసన తగిలితే దిగుతాయి. జంతువు నెత్తురైతే వేటగాడి కోసం వెతుకుతాయి. మనిషి నెత్తురైతే మంచం విప్పి, మనిషిని కట్టి, కింద ఆసుపత్రిలో దించుతాయి. మంచి ఏర్పాటే. పోయినేడు కాలు విరిగినవాణ్ణి అలాగే బతికించాయి. కాకపోతే ఒకణ్ణి ఎత్తుకెళ్తే ఆ జట్టు మొత్తం అనుమతి రద్దు. అడవిలో ప్రమాదం తెచ్చుకున్నవాళ్ళు అడవిలో ఉండకూడదని చట్టం.

మా మూటల్లో ఉన్నవి మబ్బువలలు. పై గట్టున మబ్బువలస ఉంది. సముద్రం ఊళ్ళమీదికి వచ్చాక ఎక్కిపోయినవాళ్ళ వాడ. అక్కడ బావి లేదు, గెడ్డ లేదు. కొండకొమ్మున వలలు కడితే మబ్బు వాటిలో చిక్కి బొట్లుబొట్లుగా కారుతుంది, అదే తాగుతారు. మొన్నటి గాలివానకు వలలన్నీ చిరిగిపోయాయి. తొట్టి అడుగు కనబడుతోందని కబురు. మబ్బు దిగే రోజులు వచ్చేశాయి, అవి కొద్దిరోజులే. మేం వెనక్కి దిగితే మళ్ళీ అనుమతి వచ్చేసరికి ఆ రోజులు పోతాయి.

కాబట్టి నేను గాయపడకూడదు. గాయపడినట్టు వాసన కూడా రాకూడదు.

దాలమ్మప్ప వలల మీద చుట్టిన నూలుగుడ్డ ఒకటి విప్పి నిలువుగా చింపింది. మడత మీద మడత వేసి ఎలా పెట్టుకోవాలో చూపించింది.

"దీన్ని పట్టి ఉంచడానికి మొలకి తాడుండాలే. నీ కాలపు సెడ్డీలు నమ్మీవి కావు."

తాడు కోసం వెతుకుతుంటే నా మూట మీద ఒక దారపు చుట్ట కనబడింది. వల అల్లే దారం, మెత్తగా పేని ఉంది. పోలయ్య మావ అంత దూరంలో అటు తిరిగి కత్తి నూరుకుంటున్నాడు. నూరిన కత్తినే మళ్ళీ నూరుతున్నాడు.

"మావా, ఇది నీదా?"

"ఏమో, నాకేటి తెలుస్తాది," అన్నాడు తిరగకుండా. కాసేపాగి, "జారుముడి ఎయ్యకు. సేపల వలకేసే ముడెయ్యి. తడిస్తే ఇంకా బిగుస్తాది."

పోలయ్య మావ తాతలు సముద్రంలో చేపలు పట్టారు. ఈయన మబ్బులు పడుతున్నాడు. ముడి అదే.

3. అక్కడే, పొద్దుగూకాక

ఒళ్ళు ఇన్నాళ్ళూ నాతో మాట్లాడకుండా ఉండి, ఇవాళ ఒక్కసారిగా అరుస్తోంది. నడుములో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంది. తొడలు బరువెక్కాయి. ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. ఎవరిమీదో తెలియడం లేదు.

పనులు ఇలా పెట్టుకున్నాం. గుడ్డ మార్చేముందు, మార్చాక చేతులు కడుక్కోవాలి. కాచిన నీళ్ళు మాత్రమే, అందులోనూ ఒక మూతెడు. వాడిన గుడ్డను గెడ్డలో జాడించకూడదు, కింద ఇంకెవరో తాగుతారు. పాతిపెట్టకూడదు, పందులు తవ్వుతాయి. భోజనం తిన్న ఖాళీ సంచీలకు గట్టి మూతులున్నాయి. గుడ్డను అందులో వేసి, గాలి తీసి మూసేసి, నా మూటలోనే మొయ్యాలి. ఉతికి ఎండలో ఆరేస్తే పురుగు చేరదని అప్ప చెప్పింది. కానీ ఆరేసిన గుడ్డంటే డేగకు జెండా ఎత్తినట్టే.

అప్ప నా పక్కన కూర్చుని కందిపప్పు ముద్ద నా చేతిలో పెట్టింది. ఈసారి నవ్వలేదు.

"ఓలే గుంటా. దిగిపోదామంటే సెప్పు. ఎవలూ ఏటీ అనరు. తొలిసారి కదేటి."

"దిగితే మబ్బువలస వాళ్ళేం తాగుతారు?"

"అదే నానూ అంతన్నాను. నీ నోట ఇందారని."

"నువ్వు ఆ రోజుల్లో ఎలా నడిచేదానివప్పా?"

"అప్పుడు డేగల్లేవు కదే. నడిసీవోళ్ళం. నొప్పొత్తే తిట్టుకునీవోళ్ళం. నీకు తిట్లు రావు, అదే నీ సిక్కు."

రెండు నేర్పింది. రాయను.

మధ్యాహ్నం డేగ ఒకటి మామీద చక్కర్లు కొట్టింది. పోలయ్య మావ మూట విప్పి ఎండుచేపల పొట్లం తెరిచి గాలికి పెట్టాడు. పాపం, దాని ముక్కును ఏమార్చాలని. దానికి చేపకూ మనిషికీ తేడా తెలుసు. అయినా అది వెళ్ళిపోయింది. చేపల వల్ల కాదు, సంచీ మూతి గట్టిగా ఉండడం వల్ల. మావ మాత్రం సాయంత్రం దాకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

4. నక్కలమెట్టు కింద

ఈ ఉదయం వాన పడింది. వానలో గుడ్డ ఆగలేదు. మోకాలి దాకా ఎర్రటి నీరు కారింది. మార్చుకునే చోటు కోసం చూస్తుండగానే ఆకుల మధ్య గాలి కదిలింది. డేగ దిగింది. దగ్గరనుంచి చూడడం ఇదే మొదలు. కారు టాపంత ఉంది. పొట్ట విప్పి మంచం బయటికి చాపింది.

"మానవ రక్తము గుర్తించబడినది. గాయపడిన వ్యక్తి శయనించవలెను."

"గాయం లేదు," అన్నాను.

"గాయపడిన వ్యక్తి శయనించవలెను."

"పడుకోను. మనిషిని పిలువు."

ఒక ఎర్రదీపం వెలిగింది. గరగర చప్పుడు తరవాత ఒక అమ్మాయి గొంతు వచ్చింది. నా ఈడు గొంతే.

"నమస్తే అండీ, కాపలా కేంద్రం. నా పేరు ప్రణతి. గాయం ఎక్కడ?"

"గాయం కాదు. నెలసరి."

"ఏంటండీ?"

"నెలసరి. బహిష్టు. ముట్టు." తెలిసిన మాటలన్నీ అయిపోయాయి. దానికి వినబడాలని గట్టిగానే అన్నాను. లోయ అవతలి కొండ ఆ మూడు మాటలనూ ఒకటొకటిగా తిరిగి చెప్పింది. పోలయ్య మావ ఒక మద్దిచెట్టు బెరడును జన్మలో చెట్టు చూడనట్టు పరీక్షిస్తున్నాడు.

"అది... ఇప్పుడు ఎవరికీ రాదు కదండీ?"

"వచ్చింది. సూది మందు జ్వరం మాత్ర వల్ల పోయింది."

"ఎంతసేపట్లో ఆగుతుంది?"

దాలమ్మప్ప డేగ ముక్కు దగ్గరకు వంగి గట్టిగా చెప్పింది. "నాలుగైదు రోజులుంటాదమ్మా."

"నాలుగైదు రోజులా! అన్ని రోజులు నెత్తురు పోతే మనిషి బతుకుతుందా?"

"మీ అమ్మమ్మ బతికినాది. బతికి మీ అమ్మని కన్నాది. లేపోతే నువ్వీ మైకు కాడ కూకుందువా?"

ప్రణతి గొంతు తగ్గించింది. "మేడం, నా తెర మీద గాయం, వేట, మరణం అని మూడున్నాయి. ఏదో ఒకటి నొక్కాలి. మీరు చెప్పేది ఇందులో లేదు."

"ఇంకేం లేవా?"

"ఒకటుంది. 'నడక సాగుతోంది' అని. చిన్న చిన్న గీరుడు గాయాలకు వాడతాం. అది నొక్కితే డేగ మబ్బువలస హద్దులోని గట్టు రాయి దాకా మీ వెనకే వస్తుంది. మీ బరువు ఎవరికీ ఇవ్వకూడదు. ఎవరిమీదా ఆనకూడదు. కూర్చోకూడదు. కూర్చుంటే అదే గాయం కిందకి మార్చేస్తుంది, ఇంక నా చేతిలో ఉండదు."

"నొక్కండి."

"మీ ముందు నక్కలమెట్టు ఉందండీ. నాకు పటంలో కనబడుతోంది. అది నిట్టనిలువు."

"నాకూ కనబడుతోంది. నొక్కండి."

ఎర్రదీపం పసుపుపచ్చగా మారింది. అప్ప ఒక దుప్పటి అడ్డం పట్టింది. నేను నిలబడే గుడ్డ మార్చుకున్నాను. ఇప్పుడు బయల్దేరుతున్నాం.

5. గట్టు రాయి దగ్గర

చేరాం. అక్షరాలు వంకరగా వస్తే సర్దుకుని చదవండి.

నక్కలమెట్టు మీద దారి అనేది లేదు. వేళ్ళు, రాళ్ళ అంచులు, వాటి మధ్య జారుడు మట్టి. వల మూట తడిసి రెట్టింపు బరువైంది. మొదట్లో పర్వాలేదనిపించింది. సగంలో నొప్పి నడుము వదిలి కాళ్ళలోకి దిగింది. తలపైన చెయ్యెత్తు ఎత్తులో డేగ. నేను ఆగితే ఆగేది, కదిలితే కదిలేది. నీడ మాత్రం సరిగ్గా నామీదే పడేది.

ఒకచోట నా మోకాలు మడతపడింది. అప్ప చెయ్యి నా వైపు రాబోయి గాల్లో ఆగిపోయింది. పట్టుకోకూడదు. ఆ చేతిని తనే రెండో చేత్తో పట్టుకుంది.

"లేయే," అంది. "నాకు కూతుర్లేదు. ఉంటే ఇలగే తిడుదును. లేయే దరిద్రపుదానా, మబ్బు నీకోసం కాసుక్కూకోదు!"

మోకాలు నేలకు తగలకముందే వేరు పట్టుకుని లేచాను. వేరు పట్టుకోవచ్చు, వేరు మనిషి కాదు.

అక్కడినుంచి పోలయ్య మావ ముందు నడిచాడు. వెనక్కి ఒక్కసారీ చూడలేదు. వల ఒడ్డుకు లాగేటప్పుడు వాళ్ళ తాతలు వేసిన కూత మొదలుపెట్టాడు. ఒక మాటకు లాగడం, ఒక మాటకు ఊపిరి. ఆ కూతలో ఊపిరికి చోటుంది. నేను ఊపిరి మాటకు నిలబడి, లాగుడు మాటకు కాలు వేశాను. అప్ప నేర్పిన రెండు తిట్లూ మధ్యలో వాడాను. కొండకు వాడాను, మాత్రల కంపెనీకి వాడాను, చిన్న అక్షరాలు అచ్చేసినవాడికి ప్రత్యేకంగా వాడాను. డేగ గొంతులోంచి నవ్వులాంటిది వినబడింది. ప్రణతి వింటోందని అప్పుడు గుర్తొచ్చింది.

గట్టు రాయి దాటితే మబ్బువలస హద్దు. డేగ అక్కడ గోడ తగిలినట్టు ఆగిపోయింది. నేను రాయి దాటి కూర్చున్నాను. కూర్చోవడం ఇంత గొప్ప సంగతని ఎవరూ చెప్పలేదు.

"మేడం," అంది ప్రణతి. "'నడక సాగింది' అని ముగించాను. కారణం దగ్గర నెలసరి అని టైపు చేశాను. పైవాళ్ళు అడుగుతారు."

"అడిగితే నా పేరు చెప్పండి. వకుళ. ఒంట్లో బాగానే ఉందని కూడా చెప్పండి."

"నొప్పిగా లేదా?"

"చాలా ఉంది. రెండూ రాయండి."

6. మబ్బువలస

నేను నడుస్తున్న తీరు చూసే ఒకమ్మాయి పోల్చుకుంది. పేరు అసిరి. వలలు కట్టే పనికి మాకు తోడుగా ఇచ్చారు. సూదిమందు చల్లగా ఉంచే పెట్టె ఇంత ఎత్తు రాదు కనక ఈ వాడ ఆడవాళ్ళకు ఆపుసూది లేదు. అందరికీ నెలనెలా వస్తుంది. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

"నడిసే ఒచ్చినావా?" అంది, నా కాళ్ళ మీద ఎండిన చారలు చూస్తూ. "డేగ ఎత్తుకుపోనేదా?"

"లేదు."

"అబద్దం."

"గట్టు రాయి దాకా వెంటే వచ్చింది. వెళ్ళిపోయింది."

అసిరి చేతిలోని తాడు వదిలేసింది. "మేం ఆ రోజుల్లో రాయి దాటం. దాటితే ఎత్తుకుపోతాది. మా యమ్మ ఓపాలి దాటినాది, తిరిగి రానియ్యడానికి వానలన్నీ అయిపోయినాయి. కిందికి ఎల్లాలంటే ముందు ఒంటిని అడగాల. నాకు కింద సదువుకి సీటొచ్చినాది. పరీచ్చ రోజు అదే రోజైనాది." తాడు మళ్ళీ అందుకుంది.

కడుక్కోవడానికి నాకు ఒక చెంబుతో నీళ్ళు తెచ్చారు. తొట్టి అడుగు నీళ్ళు, మట్టి వాసన. చుట్టూ పిల్లలు చెంబు వైపే చూస్తున్నారు. ఒక గుక్క తాగి మిగతాది వెనక్కి ఇచ్చేశాను. ముందు వలలు.

సాయంత్రం దాకా కట్టాం. గాలి నైరుతి నుంచి వస్తోంది, కానీ కొండకొమ్ము దగ్గర మెలి తిరుగుతోంది. పాత వలలన్నీ గాలికి ఎదురుగా బిగించి కట్టారు, అందుకే చిరిగాయి. వాటం మార్చి ఏటవాలుగా నిలబెట్టించాను. పోలయ్య మావ ముళ్ళు వేశాడు. నొప్పి వచ్చినప్పుడల్లా గుంజను కావలించుకున్నాను. ఇక్కడ దేనిమీదైనా ఆనుకోవచ్చు.

7. వలల కింద

తెల్లారేసరికి మబ్బు వచ్చింది. చప్పుడు లేకుండా కొండ అంచు ఎక్కి వలలోకి నడిచింది. మొదట ఏమీ జరగలేదు. తరవాత దారాల మీద చెమట పట్టినట్టు బొట్లు. ఒక బొట్టు ఇంకో బొట్టుతో కలిసి జారింది. కింద నీళ్ళు పట్టే దోనెలో టప్ మంది. వాడంతా నిలబడి ఆ చప్పుడు వింటోంది.

కొత్త వలలో పడిన మొదటి చెంబెడు నీళ్ళు ఎవరూ తాగకూడదని ఇక్కడి ఆచారం. మొదటి గుంజ పాతిన గుంతలో పొయ్యాలి. చెంబు నిండాక అసిరి తాత దాన్ని ఎత్తాడు. అసిరి అడ్డం వచ్చింది.

"తాతా, ఆ సెంబు వకులప్పకియ్యి. గుడ్డలు ఉతుక్కుంటాది. మూడు రోజులనుంచి సంచీలో మోత్తంది."

నేను వద్దనబోయాను. అప్ప నా చెయ్యి గిల్లింది.

"మొదటి నీళ్ళు గుంజవే," అన్నాడు తాత. "గుంజకి పొయ్యకపోతే వల నిలబడదు."

"గుంత కాడే ఉతుకుతాది. నీళ్ళెటుపోతాయి? గుంతలోకే కదా. ఆ వల మోసుకొచ్చిన నెత్తురే కదేటి అది."

తాత దాలమ్మప్పను చూశాడు, నన్ను చూశాడు, దోనెలో నిండుతున్న నీళ్ళను చూశాడు. చెంబు నా చేతికిచ్చాడు.

"వొలకబొయ్యకు," అన్నాడు. "సుక్కంతా గుంతలోకే దిగాల."

గుంజ మొదట్లో గొంతుకూర్చుని సంచీ మూతి విప్పాను. కొద్దికొద్దిగా పోస్తూ ఉతికాను. మొదట ఎర్రగా, తరవాత గులాబీరంగులో, తరవాత తేటగా నీళ్ళు గుంతలోకి ఇంకాయి. ఎవరూ మొహం తిప్పుకోలేదు. పోలయ్య మావ కూడా.

అసిరి నా పక్కన కూర్చుని గుడ్డ రెండో కొస పట్టుకుంది. ఇద్దరం చెరోవైపు మెలిపెట్టి పిండాం.

"మీరు దిగేటప్పుడు నానూ ఒత్తాను," అంది. "నా రోజులెప్పుడో లెక్కెట్టను."

"నక్కలమెట్టు దిగడం ఎక్కడం కన్నా కష్టం."

"తిట్లు నేర్పు మరి."

గుడ్డలను వల కింది తాడు మీద వరసగా ఆరేశాం. అవి ఎప్పటికి ఆరతాయో చెప్పలేను. మబ్బు ఇంకా వస్తూనే ఉంది.